గోడ కట్టెడు కణము, నడుము బిగించెడు కణము

నీటితో నిండిన గాజుగ్లాసు మూతిపై, అడుగుభాగము మాత్రము తడియునట్లుగా నొక నీరుల్లిగడ్డను నిలిపియుంచినచో, నాలుగైదు దినములలో దాని మొదటినుండి తెల్లని వేళ్ళు కుచ్చుగా దిగివచ్చును. మన కళాశాలలలో జీవశాస్త్రము చదువు విద్యార్థులందఱును ఈ వేళ్ళకొనల నెఱుగుదురు. ఆ కొనను కోసి, ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లమును కలిపిన ద్రవములో నుంచి, కణముల నున్నవి యున్నట్లు నిలిపి, నాగజెముడుపై బ్రదుకు నొక చిన్నపురుగునుండి తీసిన కార్మైను రంగులో వెచ్చజేసి, గాజుపలకపై బొటనవ్రేలితో నొక్కి, సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచుట వారి అభ్యాసములలో నొకటి. వేరు ఎంత పొడవైనదైనను, దాని పెరుగుదలకు మూలమైన కణవిభజనము ప్రధానముగా కొననుండి ఒకటి రెండు మిల్లీమీటర్ల మేరలోనే జరుగును. ఆ పైభాగమున కణములు సాగునే కాని సాధారణముగా చీలవు. కనుక కొనను కోయుటలో ఏమాత్ర మేమఱినను, పలకపై విశ్రాంతముగానున్న కణములు తప్ప మఱేమియు గానరావు.

పలకపై దృష్టి నిలిపినపుడు మొదట గోచరించునవి వరుసలు తీరిన చదరపు గదులు. వానిలో అత్యధికభాగమునందు కేంద్రకము గుండ్రముగా, పలుచని రంగుతో, ఏ మార్పును లేక యుండును. అక్కడక్కడ నొక గదిలో కేంద్రకమునకు బదులు ముదురు ఎఱుపు పోగులు చిక్కువడి యుండును. మఱియొకదానిలో అవియే పొట్టివై, లావై, గదికి నడుమ నొక వరుసలో నిలిచియుండును. వేఱొకచోట రెండు గుంపులై ఎదురెదురు కొనలకు జరిగియుండును. ఇంకొకచోట ఆ గుంపులు రెండు కేంద్రకములుగా గుండ్రపడుచుండగా, నడుమ నొక సన్నని గీత పుట్టుచుండును. ఓపికగలవాడు నడిమివరుసలోని పోగులను లెక్కింపగలిగినచో అవి 16 అని తేలును. ఇవియే క్రోమోసోములు. అయితే ఈ దృశ్యములన్నియు మృతకణముల నిశ్చలచిత్రములే. ఏది ముందో, ఏది తరువాతనో వానిమీద వ్రాసియుండదు. ఆ క్రమమును తెలిసికొనుటకు మానవుడు పడిన శ్రమ కొంచెము చెప్పదగినది.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగము దనుక కణము కణమునుండియే పుట్టునను మాట సర్వసమ్మతము కాదు. 1838లో వృక్షములన్నియు కణమయములని చాటిన ష్లైడెన్, మఱుసటి యేట ఆ సిద్ధాంతమును జంతువులకును విస్తరింపజేసిన ష్వాన్, ఇరువురును క్రొత్తకణములు ఒకానొక ద్రవమునుండి స్ఫటికములవలె పేరుకొని పుట్టునని తలచిరి. కోడిపిల్ల పిండములోని రక్తకణములను, కప్పగ్రుడ్లను ఏండ్లకొలది పరీక్షించిన రాబర్ట్ రేమాక్ 1852లో ఈ భావమును త్రోసిపుచ్చి, ప్రతి జంతుకణమును పూర్వకణము చీలుటవలననే కలుగుచున్నదని ప్రకటించెను. మూడేండ్ల తరువాత అదే సంగతిని లాటిను భాషలో సూత్రముగా పలికిన రుడాల్ఫ్ విర్కో పేరు లోకమున నిలిచినది. యూదుడగుటచేత బెర్లిను విశ్వవిద్యాలయమున పూర్ణాచార్యపదవికి నోచుకొనని రేమాక్ పేరు పాఠ్యపుస్తకములలో సయితము అరుదుగా కనబడును. కన్నులతో చూచి చెప్పినవాని ఋణము నింకను మనము తీర్చుకొనలేదనియే నా నమ్మకము.

కణము చీలుట నిజమని తేలిన పిమ్మటను, ఆ చీలికయందు కేంద్రకమున కేమగుచున్నదో స్పష్టము కాలేదు. అది కరగిపోయి, రెండు కణములలోను క్రొత్తగా పుట్టునని పలువురు భావించిరి. వస్త్రములకై జర్మనీలో తయారగుచుండిన అనిలిను రంగులు ఈ చీకటిని తొలగించుటకు తోడ్పడినవి. కీల్ నగరమున వాల్టర్ ఫ్లెమింగ్ సాలమాండరు డింభకములను ఎన్నుకొనెను, ఏలయన వాని కణములు మిక్కిలి పెద్దవి, వాని తోకపొర వెలుతురు చొచ్చునంత పలుచనిది. బ్రదికియున్న డింభకములో ఒకే కణము చీలుటను ఓర్పుతో చూచి, దానితో రంగుపట్టించిన మృతకణములను పోల్చి, ఆ నిశ్చలచిత్రములకు పౌర్వాపర్యము నేర్పఱచి, ప్రతి పోగును నిలువున రెండుగా విడిపోవునని కనిపెట్టి, 1882లో తన మహాగ్రంథమును ప్రచురించెను. అదే కాలమున ఎడ్వర్డ్ స్ట్రాస్‌బర్గర్, మొదట యేనాలోను తరువాత బాన్‌లోను, ట్రేడ్‌స్కాన్షియా పుష్పపు కేసరములపైనుండు నూగు మొదలైన వృక్షభాగములయందు ఇదే వ్యాపారమును పరిశీలించెను. ఒకరు జంతువులో చూచినదియు, ఒకరు మొక్కలో చూచినదియు ఒక్కటే యయ్యెను. కేంద్రకము కరగిపోయి పుట్టుట లేదు. కేంద్రకమునుండియే కేంద్రకము వచ్చుచున్నది.

ఈ యైక్య మెంత యాశ్చర్యకరమో, దాని తుదియందు పొడసూపు భేదమును అంత యాశ్చర్యకరము. పోగులను పంచుకొనుటలో ఉల్లివేరును మన చర్మమును ఒకే పద్ధతి నవలంబించును. పంచుకొన్న పిదప ఒక గదిని రెండు గదులుగా వేఱుచేయుటలో మాత్రము పరస్పరవిరుద్ధములైన మార్గములు త్రొక్కును. జంతుకణము వెలుపలనుండి లోపలికి బిగిసి తెగును. వృక్షకణము నడుమ గోడ నారంభించి, లోపలనుండి వెలుపలికి కట్టుకొనుచు పోవును. చెట్టు చెట్టుగను, జంతువు జంతువుగను ఉండుటకుగల కారణములలో నిది ముఖ్యమైనదనియు, పాఠ్యపుస్తకములలో రెండు వాక్యములతో సరిపుచ్చదగినది కాదనియు నా యభిప్రాయము.

మొదట పంపకపు సంగతి చెప్పవలెను. సూక్ష్మదర్శినిలో పోగులు కనబడు వేళకే పనిలో పెద్దభాగము ముగిసియుండును. 1953లో లండనులోని హామర్‌స్మిత్ ఆసుపత్రియందు పరిశోధించుచుండిన ఆల్మా హోవర్డ్, స్టీఫెన్ పెల్క్ అనువారు, చిక్కుడుకుటుంబమునకు చెందిన విసియా ఫాబా వేళ్ళకు రేడియోధార్మిక భాస్వరము నందించి, అది డి.ఎన్.ఏ.లో నెప్పుడు చేరుచున్నదో ఫొటోగ్రాఫు ఫిల్ముపై పడిన మచ్చలవలన కనిపెట్టిరి. పోగులు కనబడుచున్న కణములలో భాస్వరము చేరుట లేదు. అంతకు కొన్ని గంటలముందు, కేంద్రకము గుండ్రముగా నిశ్చలముగా తోచు కాలముననే డి.ఎన్.ఏ. రెండింతలగుచున్నది, దానికి ముందొక విరామము, తరువాత నొక విరామము కలవు. విశ్రాంతకణమని మన మనుకొన్నదే నిజమునకు తీవ్రముగా పనిచేయుచున్న కణము. ఆ పని ముగియునప్పటికి ప్రతి క్రోమోసోమును జంటపోగై, ఆ జంటను అంటిపట్టియుంచు ప్రోటీనులతో బంధింపబడి, చీలికకు వేచియుండును.

కణమును ఒక దశనుండి మఱియొక దశకు నడపునది కేంద్రకమా, దానిచుట్టునుండు జీవద్రవ్యమా యను ప్రశ్నకు సమాధానము 1970లో లభించినది. పేరులోనే తెలుగుదనము ధ్వనించు పోటు ఎన్. రావు, రాబర్ట్ జాన్సన్ అనువారు అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున, వేర్వేఱు దశలలోనున్న మానవకణములను, నిర్వీర్యము చేసిన వైరసు సాయముతో, ఒకే కణముగా కలిపిరి. డి.ఎన్.ఏ.ను రెండింతలు చేసికొనుచున్న కణముతో, ఇంకను ఆ పని నారంభింపని కణమును కలుపగా, రెండవ కేంద్రకము తన గడువు రాకమునుపే ఆ పనికి పూనుకొనెను. ఆ పనిని ముగించిన కేంద్రకము మాత్రము అదే కలయికలో దానిని మరల చేయలేదు. చీలుచున్న కణముతో కలిపినచో, ఏ దశలోనున్న కేంద్రకమైనను, సిద్ధపడియున్నను లేకున్నను, పొర తొలగి పోగులుగా చుట్టుకొనెను. జీవద్రవ్యములో ఆజ్ఞాపదార్థములు సంచరించుచున్నవని ఇందువలన తేటపడినది. అట్టి పదార్థములను ఈస్టులయందును, సీ అర్చిను గ్రుడ్లయందును వెదకి పట్టుకొన్న హార్ట్‌వెల్, నర్స్, హంట్‌లకు 2001లో నోబెల్ బహుమానము వచ్చినది. వానియునికిని ముందుగా నెత్తిచూపిన కణసంధానప్రయోగమును తెలుగుపాఠకులు ప్రత్యేకముగా జ్ఞప్తియందుంచుకొనదగును.

మానవకణ మొక్కదానిలోని డి.ఎన్.ఏ. నంతను సాగదీసినచో సుమారు 2 మీటర్లుండును. ఇంత దారమును చిక్కుపడకుండ, తెగకుండ, ఏ ముక్కయు తప్పకుండ రెండు వాటాలుగా పంచవలెను. అందుకు మొదటి యుపాయము చుట్టుట: మన పెద్ద క్రోమోసోములో 8 సెంటీమీటర్లకు మించియున్న దారము, మిల్లీమీటరులో నూఱవవంతు పొడవుగల కడ్డీగా కుదించుకొనును. రెండవ యుపాయము సూక్ష్మనాళికలతో నేర్పడు కండె. కణముయొక్క రెండు కొనలనుండి సూక్ష్మనాళికలు బయలుదేఱి, పెరుగుచు, హఠాత్తుగా కుంచించుచు, మరల పెరుగుచు నుండును. ఇట్లు పెరుగుటయు కుంచించుటయు నిరంతరము జరుగునని 1984లో మిచిసన్, కిర్ష్‌నర్ నిరూపించిరి. వృథాప్రయాసగా కనబడు ఈ యలజడియే వెదకులాట. ప్రతి పోగునందుండు పట్టుస్థానము ఏదో యొక నాళికకు తగిలినంతనే ఆ నాళిక స్థిరపడును. అయితే జంటలోని రెండు పోగులను ఎదురెదురు కొనలనుండి వచ్చిన నాళికలే పట్టవలెను. రెండింటిని ఒకే కొన పట్టినయెడల ఒక కణమునకు రెండు ప్రతులు, వేఱొకదానికి సున్నయు మిగులును. పట్టు సరియైనదో కాదో కణమెట్లు తెలిసికొనును?

దీనికి సమాధానము చెప్పిన ప్రయోగము నాకు మిక్కిలి ప్రియమైనది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున బ్రూస్ నిక్లస్, లీ అనువారు, ముందుకాళ్ళు జోడించి నిలుచు గొల్లభామజాతి కీటకముల శుక్రమాతృకణములను తీసికొని పరిశీలించిరి. వానిలో అప్పుడప్పుడు ఒక క్రోమోసోము జతనుండి తప్పిపోయి, ఒక కొనకు మాత్రమే అంటుకొనియుండును. అప్పుడు కణము చీలిక నారంభింపక గంటలకొలది ఆగిపోవును. పరిశోధకులు సన్ననైన గాజుసూదిని కణములోనికి పోనిచ్చి, ఆ తప్పిన క్రోమోసోమును రెండవకొన లాగుచున్నదో యన్నట్లుగా మెల్లగా లాగిపట్టిరి. అట్లు లాగిపట్టిన కొంతసేపటికి కణము తృప్తిచెంది చీలికను సాగించెను. 1995లో వెలువడిన ఈ ఫలితమువలన తేలినదేమన, కణము పరీక్షించునది బిగువు. రెండువైపుల లాగుడు సమముగానున్నచో పోగు బిగిసియుండును. బిగువు లేనిచోట ఏదో పొరపాటు కలదు. ఒక్క పోగు వదులుగానున్నను కణమంతయు నిలిచి వేచియుండును. అన్ని పోగులును బిగిసిన పిమ్మట, జంటలను కట్టియుంచిన ప్రోటీనులను ఒక ఎంజైము తెగగొట్టగా, సోదరపోగులన్నియు ఒక్కసారిగా విడివడి చెరియొక కొనకును ప్రయాణించును.

కండెను నిర్మించు ప్రోటీనును పట్టియిచ్చినది ఒక విషము. అగ్నిశిఖయనియు అడవినాభియనియు పిలువబడు తీగ దుంపలోను, ఐరోపాలో పెరుగు కాల్చికం దుంపలోను కాల్చిసిన్ అను పదార్థమున్నది. అది సోకిన కణములో కండె యేర్పడక, క్రోమోసోములు ఎటును పోలేక నిలిచిపోవును. 1967లో షికాగోలో గేరీ బోరిసీ, ఎడ్విన్ టేలర్ అనువారు రేడియోధార్మికమైన కాల్చిసినును కణసారములో కలిపి, అది అంటుకొన్న ప్రోటీనును వేఱుచేసిరి. దానికే తరువాత ట్యూబ్యులిన్ అను పేరు వచ్చినది. మొక్కలయందు కాల్చిసిన్ ప్రయోగించినచో, పంపకము జరుగని కణము రెండింతల క్రోమోసోములతో బ్రదికి, ఆపై మామూలుగా చీలుటయు కలదు. కోయంబత్తూరు చెఱకు పరిశోధనకేంద్రమున పేరుగాంచి, 1945లో డార్లింగ్టన్‌తో కలిసి సాగుమొక్కల క్రోమోసోముసంఖ్యల గ్రంథమును వెలువరించిన ఇ. కె. జానకీ అమ్మాళ్, ఇంగ్లండులోని విస్లీ తోటలో మాగ్నోలియాలపై ఈ విధానమునే ప్రయోగించెను. మన పెరళ్ళలో ఏడాది పొడుగున పూయు బిళ్ళగన్నేరునందలి మందులును ట్యూబ్యులినునే పట్టుకొనును. 1958లో కెనడాలో నోబుల్, బీర్ అనువారు దానినుండి విన్‌బ్లాస్టిన్‌ను వేఱుచేసిరి. దాని సోదరమైన విన్‌క్రిస్టిన్ పసిపిల్లల రక్తకేన్సరు చికిత్సలో నేటికిని ప్రధానౌషధములలో నొకటి. మితిమీఱి చీలు కణములను కండెవద్ద అడ్డగించుటయే ఆ చికిత్సలోని కిటుకు.

ఇంతవఱకు చెప్పిన వ్యాపారమున మొక్కకును జంతువునకును గల భేదము స్వల్పము. జంతుకణములో కండెకొనలయందు సెంట్రియోలులను జంటకణికలుండును. పూలమొక్కల కణములకు అవి లేవు, కండె మొనలు వెడల్పుగా నుండును. దారులు వేఱగునది దీని తరువాతనే.

జంతుకణములో క్రోమోసోములు కొనలకు చేరుచుండగనే, నడుమభాగమున పైపొరకు సరిగా లోపలివైపున, ఆక్టిన్, మయోసిన్ అను ప్రోటీనుల పోగులు వలయముగా నేర్పడును. మన కండరములు ముడుచుకొనుటకు మూలమైన ప్రోటీనులే యివి. తిత్తిమూతికి పోసిన త్రాడు లాగినట్లు ఆ వలయము కుంచించుకొనుచుండగా, కణమునకు నడుము ఏర్పడి, సన్నగిల్లి, తుదకొక సన్నని వంతెన మాత్రము మిగిలి, అదియు తెగిపోవును. 1977లో జపానుదేశపు శాస్త్రజ్ఞులు మబుచి, ఒకునో అనువారు, సముద్రనక్షత్రముల పిండకణములలోనికి మయోసిన్‌ను నిరోధించు ప్రతిరక్షకములను ఎక్కించిరి. నడుము బిగియుట ఆగిపోయినది. కాని కేంద్రకములు మాత్రము ఒకటి రెండై, రెండు నాలుగై చీలుచునే యుండెను. పోగుల పంపకమును, గది విభాగమును రెండు వేర్వేఱు పనులని ఇంతకంటె స్పష్టముగా చూపుట కష్టము.

ఆ వలయ మెచట నేర్పడవలెనో నిర్ణయించున దేది? నడుమనున్న క్రోమోసోములా, కండెయా, కండెకొనలనుండి కిరణములవలె విస్తరించు నాళికలా? అమెరికాలో రే రాపపోర్ట్ అను శాస్త్రజ్ఞుడు సాండ్ డాలర్ అను చదునైన సముద్రజీవి గ్రుడ్లతో దీని కొక ప్రయోగమును కల్పించెను. ఒక చిన్న గాజుగోళముతో గ్రుడ్డును నడుమ నొక్కిపట్టగా, పైపొరయు క్రిందిపొరయు కలిసి, కణము నడుమ తూటుగల వలయాకృతిని పొందెను. మొదటి చీలికలో కండెయున్న పక్క మాత్రమే గాడి పడి తెగగా, కణము రెండు కేంద్రకములుగల గుఱ్ఱపులాడము ఆకృతిలో మిగిలెను. ఆ లాడపు ప్రతి చేతిలోను ఒక్కొక్క కేంద్రకము. రెండవ చీలికవేళ రెండు చేతులలోను రెండు కండెలు ఏర్పడినవి. వాని నడుమ గాడులు పడుట సహజమే. కాని లాడపు వంపులో, కండెయు లేక క్రోమోసోములును లేక, చెరియొక కండెకు చెందిన కొనలు రెండు ఎదురెదురుగా నున్న తావున సయితము మూడవ గాడి పడినది! ఒకే కణము ఒక్కమాఱుగా నాలుగైనది. ఆ గ్రుడ్డులో గాడిని పిలుచునవి కండెకొనల కిరణములేకాని క్రోమోసోములు కావని, ఒక గాజుగోళము తప్ప వేఱు సాధనము లేకుండ, 1961లో ఆయన నిరూపించెను. కోట్లు వెలచేయు యంత్రములున్న యీ కాలమున ఇట్టి ప్రయోగములను విద్యార్థులకు మఱింత శ్రద్ధతో బోధింపవలెను. బుద్ధి యేపాటి పని చేయగలదో వారికి దీనివలన తెలియును.

ఇక వృక్షకణము. అది గట్టి సెల్యులోజు గోడలో బంధింపబడి, లోపలి నీటి ఒత్తిడిచే ఆ గోడకు నొక్కుకొని యుండును. ఇరుగుపొరుగు కణములతో గోడలు పంచుకొన్న యీ గది నడుము బిగించుకొనజాలదు. కనుక అది వేఱుదారి త్రొక్కినది. క్రోమోసోములు కొనలకు చేరిన పిదప, కండె మిగిల్చిన నడిమితావున సూక్ష్మనాళికలు రెండు దళములుగా ఎదురెదురుగా తీరి నిలుచును. ఆ నాళికల వెంబడి కణములోని గాల్జీసంక్లిష్టమను భాగమునుండి బయలుదేఱిన చిన్నచిన్న బుడగలు, గోడకు వలయు పదార్థములను మోసికొని నడుమకు చేరును. బుడగలు ఒకదానితో నొకటి కలిసి జాలమై, పొరయై, సన్నని ఫలకమగును. ఉల్లివేరులో రెండు కేంద్రకములనడుమ పుట్టు గీత యిదియే. నాళికలు నడుమ తొలగి అంచులకు జరుగుచుండ, ఫలకము చుట్టును విస్తరించి, తుదకు పాతగోడలను తాకి వానితో ఏకమగును. బుడగల లోపలి సరకు క్రొత్తగోడయగును. బుడగల పొరలే ఇరుకణముల పైపొరలగును. ఫలకము పూర్తిగా మూసికొనదు; సన్నని రంధ్రములు మిగిలి, వానిగుండ ఇరుకణముల జీవద్రవ్యము కలిసియే యుండును. అందుచేత జంతుకణములు చీలి విడిపోవుచుండగా, వృక్షకణములు చీలియు విడిపోవు.

ఈ ఫలకము ఏ గోడను ఏ చోట తాకవలెనో ముందుగానే నిర్ణయమై యుండుట మఱింత విశేషము. 1966లో కేంబ్రిడ్జిలో పికెట్-హీప్స్, నార్త్‌కోట్ అనువారు గోధుమమొలకలను ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో పరీక్షించుచు, చీలిక ఆరంభము కాకమునుపే సూక్ష్మనాళికల పట్టీయొకటి పైపొర లోపలివైపున కణమును చుట్టి యుండుటను గమనించిరి. కండె యేర్పడునప్పటికి ఆ పట్టీ అదృశ్యమగును. కాని, తరువాత పుట్టిన ఫలకము విస్తరించి విస్తరించి, మాయమైన ఆ పట్టీ యున్న తావుననే పాతగోడతో కలియును. పట్టీ పోయినను దాని గుఱుతుగా కొన్ని ప్రోటీనులు పైపొరయందు నిలిచియుండునని తరువాతి పరిశోధకులు కనుగొనిరి. జంతుకణము చీలుచు చీలుచు తన గాడితావును నిర్ణయించుకొనును. వృక్షకణము తొలుత హద్దు గీచి తరువాత గోడ కట్టును.

హద్దునకు ఇంత ప్రాముఖ్య మెందుకు వచ్చినది? జంతుపిండములో కణములు ప్రాకును, జరుగును, ఒక తావున పుట్టి వేఱొక తావున స్థిరపడును. శరీరరూప మేర్పడుటలో ఆ వలసలకు గొప్ప భాగము కలదు. వృక్షకణము పుట్టినచోటు విడువదు. దానికి రూపనిర్మాణమునకు రెండే సాధనములు: ఏ దిక్కున గోడ కట్టవలెను, ఏ దిక్కున సాగవలెను. వేరులో అడ్డగోడలు లేచినకొలది వరుస పొడవగును. ఉపరితలమునకు సమాంతరముగా గోడలు లేచినచో పొరలు పెరిగి లావగును. టేకుచెట్టు మ్రాను ఏటేట బలియుట, బెరడునకును కఱ్ఱకును నడుమనుండు కేంబియము కణములు నిలువుగా చీలుటవలననే. అక్కడి కణములు కొన్ని వృక్షములలో కొన్ని మిల్లీమీటర్ల పొడవుండగా, ఫలకము కేంద్రకముల నడుమ ఆరంభమై ఆ దూరమంతయు ప్రాకిపోవలెను. ఇంకొక పర్యవసానమును గమనింపవలెను. మొక్కలకును కణితులు పుట్టును, కణములు అదుపుదప్పి చీలును. కాని జంతువుల కేన్సరువలె, కణితిలోని కణము ఊడిపోయి రక్తములో కొట్టుకొనిపోయి మఱియొక యవయవమున నాటుకొనుట వానికి లేదు. గోడ దానిని పట్టియుంచును.

ప్రకృతి ఈ రెండు మార్గములను ఎల్లప్పుడును కచ్చితముగా వేఱుపఱచి యుంచలేదు. మన చెఱువులలో పచ్చని దారములవలె తేలు స్పైరోగైరా అను శైవలములో, గాడి వెలుపలనుండి లోపలికి సాగుచుండగా, నడిమిభాగమును బుడగలఫలకము పూర్తిచేయును. కొన్ని తావుల కేంద్రకములు చీలియు గోడలు లేవకుండుటయు కలదు. లేతకొబ్బరిబొండమునందలి నీరు అట్టిది. అది విత్తనములోని పోషకకణజాలమే. అందు కేంద్రకము పలుమాఱులు చీలినను గోడలు కట్టబడనందున, ఆ నీటిలో విడికేంద్రకములు సంచరించుచుండును. కాయ ముదురుచుండగా అంచులవెంట గోడలు లేచి కణము లేర్పడును. మనము కోరితినుచున్న తెల్లని కొబ్బరి ఆ విధముగా పుట్టినదే. కోనసీమ కొబ్బరితోటలలో ప్రతి బొండములోను, పంపకమును గోడయును వేర్వేఱు పనులను సత్యము రుజువగుచునే యున్నది.

ఆ నీటికి వేఱొక గుణము గలదు: కణములను చీలుటకు ప్రేరేపించుట. 1941లో వాన్ ఓవర్‌బీక్, కాంక్లిన్, బ్లేక్స్లీ అనువారు ఉమ్మెత్తయొక్క మిక్కిలి లేత పిండములను విత్తనమునుండి వేఱుచేసి, కొబ్బరినీరు కలిపిన ద్రవములో పెంచగలిగిరి. దానిలోని ప్రేరక మేదియో తెలియనప్పుడే, 1955లో విస్కాన్సిన్‌లో స్కూగ్, మిల్లర్ అనువారు హెఱ్ఱింగుచేపల శుక్రకణముల డి.ఎన్.ఏ.ను వేడిచేయగా పుట్టిన పదార్థమునుండి కణవిభజనమును ప్రేరేపించు కైనెటిన్‌ను వేఱుచేసిరి. కొబ్బరినీటిలోనుండునది దాని బంధువర్గములోని జియాటిన్‌కు సంబంధించిన పదార్థమని తరువాత తేలినది. పొగాకుకాండపు మెత్తని కణజాలమునకు ఈ వర్గపు హార్మోనును, ఆక్సిను అను వేఱొక హార్మోనును కలిపి అందించి, మొదటిది హెచ్చినచో చిగుళ్ళును, రెండవది హెచ్చినచో వేళ్ళును పుట్టునని 1957లో స్కూగ్, మిల్లర్ చూపిరి.

అనంతపురము, కడప జిల్లాలలో రైతులు నాటుచున్న టిష్యూకల్చరు అరటిపిలకలు ఈ జ్ఞానముయొక్క ఫలమే. గ్రాండ్ నైన్ అను ఆ జాతి కణములలో క్రోమోసోములు 33. అనగా 11 చొప్పున మూడు జట్లు. లైంగికకణముల నిర్మాణమునకై జరుగు క్షయకరణవిభజనములో ఒక జట్టులోని క్రోమోసోము వేఱొక జట్టులోని తన సరిజోడును వెదకుకొనవలెను. మూడింటిలో రెండు జతకూడగా మూడవది ఒంటరియగును, పంపకము చెడును. ఆ పండులో విత్తనములు లేకుండుటకు ఇదియొక ముఖ్యకారణము. కాని, దేహకణములు చీలు సమవిభజనములో ప్రతి క్రోమోసోమును తన నకలుతో మాత్రమే జంటకట్టును గనుక, 33 అను బేసిసంఖ్య అచ్చట ఏ యిబ్బందియు కలిగింపదు. కావుననే విత్తనము పెట్టలేని మొక్క, గాజుసీసాలో వేయబడిన చిగురుమొనలోని కణములు పలుమాఱులు చీలుటచే, తన 33 క్రోమోసోములతోనే వేలకొలది పిలకలై పొలములకు చేరుచున్నది.